నేలలో దాగిన గొట్టము

"నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగును" అని సామెత. ఇందులోని మొదటి సగము భౌతికశాస్త్ర సూత్రమే. భూమ్యాకర్షణ వలన నీరు ఎత్తునుండి పల్లమునకు దిగును. దానికి దారి, వాలు చూపించినచో మరి ఏ శక్తియు అక్కరలేదు. నిజాంసాగర్ కాలువలు బోధన్ చెరకు తోటలకు చేరినది ఈ సూత్రము మీదనే. ఇంటిలో వాడిన నీరు వీధి మోరీకో గుంటకో చేరుచున్నదియు ఈ సూత్రము మీదనే. కాలువ వాలు కంటికి కనబడును. ఇంటి గొట్టపు వాలు మాత్రము ఈనాడు కాంక్రీటు నేల క్రింద దాగి ఉన్నది. దాగిన ఆ గొట్టమును ఒక చోటినుండి మరియొక చోటికి జరుపవలసి వచ్చినప్పుడు, మానవుడు తన ఇంటి మురుగును గురించి వేల యేండ్లుగా నేర్చుకొన్న పాఠములన్నియు ఒక్కసారిగా ఎదురగును.

కమ్మర్‌పల్లి స్లాబు ఇండ్లు

నిజామాబాదు జిల్లాలో ఆర్మూరునుండి మెట్‌పల్లికి పోవు దారిలో కమ్మర్‌పల్లి ఉన్నది. చుట్టుపట్ల పసుపు ముఖ్యమైన పంట. పసుపు పరిశోధన కేంద్రము కూడ ఈ ఊరిలో ఉన్నది. 1973లో చమురు ధరలు పెరిగిన తరువాత అరబ్బు దేశములలో కట్టడపు పనులు విస్తారముగా సాగినవి. ఉత్తర తెలంగాణమునుండి వేలాది మంది ఆ పనులకు వెళ్లినారు. కొందరు తాపీ పని, కొందరు కడ్డీలు కట్టు పని, మరికొందరు గొట్టముల పని అక్కడ చేసినారు. వారు పంపిన డబ్బుతో ఊళ్లలో మట్టి గోడల ఇండ్లు, పెంకుటిండ్లు తగ్గి, కాంక్రీటు స్లాబు ఇండ్లు పెరిగినవి. స్నానపు గది, మరుగుదొడ్డి ఇంటి కప్పు క్రిందికి వచ్చినవి.

ఆ రోజులలో కట్టిన ఇండ్లకు ఈనాడు ముప్పది, నలుబది ఏండ్లు నిండుచున్నవి. కట్టించినవారు వృద్ధులైనారు. మోకాళ్లు వంగనివారికి క్రింద కూర్చుండు మరుగుదొడ్డి కష్టము. పడకగదికి దగ్గరగా కుర్చీవలె కూర్చుండు కమోడు కావలెను. చూచుటకు ఇది చిన్న మార్పే. కాని క్రింద కూర్చుండు దొడ్డికి ట్రాపు, అనగా నీరు నిలుచు వంపు, నేల క్రిందనే ఉండును. కమోడుకు ఆ వంపు దాని ఒడలిలోనే ఉండును. దానినుండి మలినము కొన్ని రకములలో నేలలోనికి, కొన్నిటిలో గోడలోనికి వెడలును. కనుక పాతది తీసి క్రొత్తది అక్కడనే పెట్టవలెనన్నను నేల పగులగొట్టక తప్పదు. ఇక చోటే మార్చవలెనన్నచో గొట్టము దారినంతయు మార్చవలెను. ఇది ఇంత కష్టమెందుకైనది? పూర్వము ఇట్లే ఉండెనా?

మూత తెరువదగిన మోరీలు

ఇప్పటికి సుమారు 4500 సంవత్సరములకు పూర్వము సింధునది లోయలో మొహెంజొదారో పట్టణము వర్ధిల్లినది. అక్కడి త్రవ్వకములు 1922లో ఆరంభమైనవి. ఎన్నో ఇండ్లలో స్నానపు గది బయటపడినది. దాని నేలను కాల్చిన ఇటుకలతో, సందులు కనబడనంత దగ్గరగా పరచి, ఒక మూలకు వాలు ఉంచినారు. ఆ మూలనుండి నీరు గోడలోని రంధ్రము ద్వారా వీధి మోరీలోనికి పోయెడిది. మేడమీది నీరు దిగుటకు కాల్చిన మట్టి గొట్టములు కూడ వాడినారు. వీధి మోరీలకు పైన ఇటుకలు, రాతి పలకలు కప్పి, మధ్యమధ్య మడ్డి పేరుకొనుటకు గుంటలు కట్టినారు. ఆ మూతలను ఎత్తి శుభ్రము చేసి మరల మూయవచ్చును. దాచుట, అవసరమైనప్పుడు తెరచుట, ఈ రెంటిని ఒకేచోట కూర్చిన తెలివి అందున్నది.

తెలుగు దేశములోను నీటి కట్టడముల చరిత్ర ప్రాచీనమే. కమ్మర్‌పల్లికి తూర్పున, కరీంనగరు ప్రాంతములోని పెద్దబంకూరులో శాతవాహనుల కాలపు ఇటుక బావులు, కాల్చిన మట్టి వరల బావులు త్రవ్వకములలో బయటపడినవి. వర ఒక విడి తునక. ఒక వర పగిలినచో దానిని తీసి మరియొకటి దించవచ్చును.

పల్లెటూరి ఇంటిలో జలదారి మొన్నమొన్నటివరకు ఇట్టిదే. పెరటిలో ఒక రాతి బండ, ప్రక్కన నీళ్ల కాగు, బండ వాలున చిన్న కాలువ, కాలువ చివర అరటి చెట్టో చేమ మడియో. చోటు మార్చవలెనన్నచో ఇద్దరు మనుషులు గడ్డపారలతో బండను లేపి అవతల వేసెడివారు. ఒక పూటలో పని ముగిసెడిది. ఆ ఏర్పాటులో గొట్టము లేదు, ట్రాపు లేదు, కాంక్రీటు లేదు. నీటిలో సబ్బు, మసి, మట్టి తప్ప హానికరమైనది అంతగా ఉండెడిది కాదు. మలవిసర్జనకు ఊరి బయట పొలములుండెను. ఆ ఆచారము వలన కలరా, నులిపురుగులు వ్యాపించెడివి. ఆడవారు చీకటి పడువరకు ఆగవలసి వచ్చెడిది. పట్టణములలో పొడి దొడ్లుండెను. వానిని తోటి మనుషుల చేత ఎత్తించుట అను అమానుషమైన పద్ధతి సాగెను. దానిని నిషేధించుచు 1993లోను, మరింత గట్టిగా 2013లోను మన దేశములో చట్టములు వచ్చినవి. కనుక పూర్వపు సౌలభ్యమును తలచుకొని పూర్వకాలమే మేలని చెప్పుట సరికాదు. మరుగుదొడ్డి ఇంటిలోనికి రావలసినదే. అయితే అది రావలెనన్నచో ముందుగా ఒక చిక్కు విడిపోవలెను.

నీటి బిరడా

ఆ చిక్కు దుర్వాసన. మురుగు గొట్టము ఇంటిలోనికి తెరచుకొన్నచో నీరు బయటికి పోవు దారిననే దుర్వాయువులు లోనికి వచ్చును. 1775లో లండనులో అలెగ్జాండర్ కమింగ్ అను గడియారముల పనివాడు దీనికి ఉపాయము కనుగొని, తన మరుగుదొడ్డికి పేటెంటు పొందినాడు. గొట్టమును ఇంగ్లీషు ఎస్ అక్షరమువలె వంచినాడు. వాడిన ప్రతిసారి ఆ వంపులో కొంత నీరు నిలిచిపోవును. నిలిచిన నీరే బిరడా. మురుగు పోవును, గాలి రాదు. కదలు భాగము ఒక్కటియు లేని ఈ సాధనము నేటికిని ప్రపంచమంతట వాడుకలో ఉన్నది. మన పనివారు స్నానపు గది మూలన పెట్టు నహానీ ట్రాప్ కూడ దీని తోబుట్టువే.

బిరడా లోతు సాధారణముగా 50 మిల్లీమీటర్లు. దీని బలమెంత? వాతావరణ పీడనము సుమారు 10.3 మీటర్ల ఎత్తు నీటి స్తంభమును మోయగలదు. దానిలో 50 మిల్లీమీటర్లు సుమారు 200వ వంతు మాత్రమే. అనగా గొట్టములో పీడనము అంత స్వల్పముగా మారినను బిరడా కదలిపోవును. పొడవైన గొట్టము నిండుగా నీటితో దిగునప్పుడు వెనుక గాలి పలుచబడి, ఆ చూషణ ట్రాపులోని నీటిని కూడ లాగుకొని పోవును. దీనిని ఆపుటకే గొట్టమునుండి ఒక శాఖను కప్పు పైవరకు లేపి గాలికి తెరచి ఉంచుదురు. దానిని అలంకారమనుకొని మూసివేయుట, గొట్టము జరుపునప్పుడు దానిని మరచుట గొప్ప పొరపాట్లు.

ఇంటిలోని వాసన పోయినంత మాత్రమున మురుగు సమస్య తీరలేదు. లండనులోని దొడ్లు థేమ్సు నదిలోనికి చేరుట వలన నది విషమైనది. 1854లో జాన్ స్నో ఒక వీధి పంపు నీటికిని కలరాకును గల సంబంధమును చూపినాడు. 1858 వేసవిలో నది దుర్గంధము పార్లమెంటును సైతము కదలించినది. ఆ మీదట బజల్గెట్ అను ఇంజనీరు పెద్ద మురుగు కాలువలు కట్టించినాడు. హైదరాబాదులో 1908 మూసీ వరదల తరువాత విశ్వేశ్వరయ్య వరద నివారణతో పాటు మురుగు పారుదలకు కూడ పథకము సిద్ధపరచినాడు. ఉస్మాన్‌సాగర్ 1920లోను, హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తియైనవి.

మురుగు కాలువలు లేని ఊళ్లకు సెప్టిక్ ట్యాంకు ఉపయోగపడినది. ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణములో డొనాల్డ్ కామెరాన్ 1890ల మధ్య దానికి ఆ పేరు పెట్టి ప్రచారములోనికి తెచ్చినాడు. గాలి తగులని తొట్టిలో సూక్ష్మజీవులు మలినమును కొంతవరకు జీర్ణింపజేయును. మడ్డి అడుగున నిలుచును. మన పల్లెలలోని స్లాబు ఇండ్లలో అధికభాగము సెప్టిక్ ట్యాంకులనో ఇంకుడు గుంటలనో నమ్ముకొన్నవే.

రాయిగా మారిన నేల

నేల రాయిగా మారిన కథ మరియొక వైపు నడచినది. మన పూర్వులు డంగు సున్నముతో గచ్చు చేసెడివారు. అది గట్టిదే కాని ఉలికి లొంగును. 1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అను తాపీ పనివాడు సున్నపురాతిని, బంకమట్టిని కలిపి కాల్చి చేసిన పొడికి పోర్ట్‌లాండ్ సిమెంటు అని పేరు పెట్టి పేటెంటు తీసికొన్నాడు. సిమెంటు ఎండుట వలన గట్టిపడదు. నీటితో రసాయనిక సంయోగము పొంది గట్టిపడును. అందుచేతనే తడిపి ఉంచినకొలది బలము పెరుగును.

కాంక్రీటు బరువును బాగుగా ఓర్చును కాని లాగినచో పగులును. 1867లో పారిసులో జోసెఫ్ మోనియే అను తోటమాలి ఇనుప తీగల అల్లికపై సిమెంటు పూసి చెట్ల తొట్లు చేసి పేటెంటు పొందినాడు. 1892లో హెన్నెబిక్ అను ఫ్రెంచి ఇంజనీరు స్తంభములు, దూలములు, స్లాబులు కలిసి ఒకే ముద్దగా నిలుచు పద్ధతికి పేటెంటు పొందినాడు. ఇనుమును కాంక్రీటును వేడికి ఇంచుమించు సమానముగా వ్యాకోచించుటయే ఈ కూటమి నిలిచియుండుటకు కారణము. మన దేశములో 1904లో మద్రాసులో సిమెంటు తయారీకి ప్రయత్నము జరిగినది. 1914లో పోర్‌బందరు కర్మాగారము పని ఆరంభించినది. నాటి నైజాం రాజ్యములోని షాబాదు సిమెంటు కంపెనీ 1936లో ఏర్పడిన ఎ.సి.సి.లో కలిసిన కంపెనీలలో ఒకటి.

ఈ రెండు కథలు ఆధునిక స్నానపు గదిలో కలిసినవి. వాలు, బిరడా గల గొట్టమును గట్టి కాంక్రీటు క్రింద పూడ్చినారు. మొహెంజొదారో మోరీకున్న మూత, జలదారి బండకున్న కదలిక మాయమైనవి.

గొట్టము జరుపుట

నేల పగులగొట్టుటకు ముందు అది ఏ రకమైన నేలయో తెలిసికొనవలెను. క్రింది అంతస్తులో సాధారణముగా మొరము, ఇసుక నింపి, దానిపై పలుచని కాంక్రీటు పరచి, ఆపైన బండలు పరతురు. ఇంటి బరువును గోడల పునాదులు, స్తంభములు మోయును. ఆ నేల మోయదు. అట్టి నేలను కోసి కాలువ తీయవచ్చును. మేడమీది నేల అట్టిది కాదు. అది ఇనుప కడ్డీలతో బరువు మోయు స్లాబు. దాని కడ్డీలు తెగినచో క్రింది గదిలోని మనుషుల ప్రాణములకే ముప్పు. ఇందుకే మేడలపై స్నానపు గదికి స్లాబును ఒక అడుగుకు పైగా లోతుగా దించి పోసి, ఆ తొట్టిలో గొట్టములు పరచి, ఇటుక ముక్కలవంటి వానితో నింపి, పైన నేల వేయుదురు. మార్పు ఆ తొట్టి లోపలనే జరుగవలెను. తొట్టి దాటి స్లాబును తొలువవలసి వచ్చినచో ఇంజనీరు అనుమతి లేనిదే ఉలి పెట్టరాదు.

తరువాతది వాలు లెక్క. దొడ్డినుండి ఇంటి బయటి తనిఖీ తొట్టివరకు 4 మీటర్లు ఉన్నదనుకొందము. 40 సెంటీమీటర్లకు 1 సెంటీమీటరు చొప్పున వాలు ఉన్నచో గొట్టము మొత్తము 10 సెంటీమీటర్లు దిగును. కమోడును మరి ఒకటిన్నర మీటరు దూరము జరిపినారు. దూరము ఐదున్నర మీటర్లైనది. అదే వాలు కావలెనన్నచో 13.75 సెంటీమీటర్లు దిగవలెను. తొట్టిలోని ముఖము పాత చోటనే ఉన్నది. దానిని దించుటకు వీలులేదు. కనుక రెండవ కొనను సుమారు 4 సెంటీమీటర్లు లేపవలెను. నేల క్రింద ఆ చోటు లేనిచో పనివాడు స్నానపు గది నేలనే లేపి, గుమ్మమువద్ద ఒక గట్టు కట్టును. ఏ వృద్ధుని కొరకు ఈ పని తలపెట్టినారో, ఆ వృద్ధుని కాలికి ఆ గట్టే తగులును. తడి నేలపై పడి తుంటి ఎముక విరుగుట వార్ధక్యములో ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు.

దీనికి మార్గము లెక్కలోనే ఉన్నది. 100 మిల్లీమీటర్ల గొట్టము తనను తాను కడుగుకొనుటకు సుమారు 57కి 1 వాలు వరకు చాలును. ఐదున్నర మీటర్లను 55కి 1 వాలుతో పరచినచో దిగుట సరిగా 10 సెంటీమీటర్లే. గట్టు అక్కరలేదు. కాని ఇంత తక్కువ వాలులో పొరపాటుకు చోటు లేదు. కంటి అంచనా చాలదు. అడుగడుగునకు రసమట్టము పెట్టి చూడవలెను. గొట్టము క్రింది మట్టిని పొరపొరగా తడిపి దిమ్మిసతో గట్టిపరుపవలెను. లేనిచో రెండు వర్షాకాలములలో మట్టి దిగి, గొట్టము మధ్యలో వంగి, ఆ వంపులో మలినము నిలిచిపోవును. మూసివేయకముందు గొట్టము చివర బిగించి నీరు నింపి, మట్టము తగ్గుచున్నదేమో చూడవలెను. పాత కాంక్రీటు అంచును గరుకుగా చేసి, తడిపి, క్రొత్తది పోసి, కనీసము ఏడు దినములు తడిగా ఉంచవలెను. కోత యంత్రమునుండి లేచు సన్నని ఇసుక ధూళి ఊపిరితిత్తులను శాశ్వతముగా చెరచును. అందుచేత నీరు చల్లుచు, ముక్కుకు రక్షణతో కోయవలెను.

మరి రెండు జాగ్రత్తలు ఉన్నవి. మిషన్ భగీరథ పథకము 2016లో ఆరంభమైన తరువాత తెలంగాణ పల్లెలలో ఇంటింటికి కొళాయి నీరు వచ్చినది. కొళాయి గొట్టమును మురుగు గొట్టముతో ఒకే కాలువలో పరచరాదు. నీరు ఆగిన సమయములో గొట్టములో పీడనము తగ్గి, అతుకుల ద్వారా చుట్టుపట్ల మలినము లోనికి చేరవచ్చును. సెప్టిక్ ట్యాంకు మూత తీయవలసి వచ్చినప్పుడు అందులోనికి మనిషిని దింపరాదు. అందులోని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు క్షణములలో ప్రాణము తీయగలదు.

హాంకాంగు నేర్పిన పాఠము

దాగిన బిరడా ఎంత ముఖ్యమో 2003లో ప్రపంచమునకు తెలిసినది. హాంకాంగులోని అమోయ్ గార్డెన్స్ అను ఎత్తైన భవనముల సముదాయములో సార్స్ వ్యాధి 300 మందికి పైగా సోకినది. విచారణలో స్నానపు గదుల నేల ట్రాపులు కారణములలో ముఖ్యమైనవిగా తేలినవి. నివాసులు నేలను నీళ్లు పోసి కడుగక, తడిగుడ్డతో తుడిచెడివారు. ట్రాపులలో నీరు ఎండిపోయినది. గాలిని బయటికి తోలు పంకాలు తిరుగగనే మురుగు గొట్టములలోని సూక్ష్మ బిందువులు గదులలోనికి వచ్చినవి.

నీళ్లు పోసి కడుగు అలవాటు గల తెలుగు ఇండ్లకు ఈ భయము లేదనుకొనరాదు. కొడుకు దేశాంతరమునుండి వచ్చువరకు మేడమీది గదికి తాళము వేసి ఉంచు ఇండ్లు కమ్మర్‌పల్లి ప్రాంతమున ఎన్నియో ఉన్నవి. అట్టి గదిలో ఎండకాలమున 50 మిల్లీమీటర్ల బిరడా ఆవిరియైపోవును. అప్పుడప్పుడు ప్రతి ట్రాపులోను చెంబెడు నీళ్లు పోయుటయే దీనికి మందు.

పాఠశాలలో ఉపాధ్యాయులు ఈ విషయములను సులభముగా చూపవచ్చును. పారదర్శకమైన గొట్టమును ఎస్ ఆకారమున వంచి, ఐదు సెంటీమీటర్ల రంగునీరు పోసి, ఒక కొనను నోటితో మెల్లగా ఊదినచో బిరడా ఎంత తేలికగా కదలునో తెలియును. అంతకంటె మేలైన అభ్యాసము మరియొకటి. విద్యార్థులు తమ ఇంటి స్నానపు గదిని కొలిచి, గొట్టములు ఎక్కడనుండి ఎక్కడికి పోవుచున్నవో పెద్దలను అడిగి పటము గీయవలెను. క్రొత్త ఇల్లు కట్టుచున్నవారైనచో కాంక్రీటు పోయకముందే గోడనుండి దూరములు వ్రాసి, గొట్టముల ఛాయాచిత్రములు తీసి, ఇంటి పత్రములతో పాటు భద్రపరచవలెను. మేస్త్రి మారును, యజమాని ముదుసలియగును, గొట్టము మాత్రము అక్కడనే ఉండును. మొహెంజొదారో ఇటుక మూత చేసిన పనిని ఈనాడు ఆ పటము చేయవలెను.